దక్షిణ ద్వారం ముట్టడి

యంత్రానికి మూఢాచారం ఉండదని లోకంలో ఒక నమ్మకం ఉంది. తిరుపతిలోని మా హేతువాద మిత్రమండలికి అధ్యక్షుడిని కావాలని ఆశపడుతున్న నేను, ఆ నమ్మకాన్ని పరీక్షించి వార్షిక సభలో ప్రసంగించదలచాను. విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు పగలంతా కంప్యూటరు ఆట ఆడటాన్ని పరిశోధన అంటారని ఇంట్లో కూడా తెలియజేశాను.

ఆట పాతకాలపు కోటలది. కోట నాది, ముట్టడించే సేన కంప్యూటరుది. ప్రత్యర్థి మేధస్సు మీది గౌరవం కొద్దీ పడమటి గోడను ఎద్దులబండి పట్టేంత మేర నేనే కూల్పించి, కావలి కూడా తీసివేశాను.

శత్రు సేనాని వచ్చాడు. కూలిన గోడ పక్కనుంచే సేనను క్రమశిక్షణతో నడిపించి, మూసి ఉన్న సింహద్వారం ఎదుట నిలిపాడు. బురుజు మీదినుంచి నా విలుకాండ్రు బాణాలు కురిపించారు. ముందున్నవారు కూలితే వెనుకవారు ఆ స్థానాన్ని సగౌరవంగా స్వీకరించారు. తలుపు బద్దలుకొట్టే దూలం కాలిపోయాక, మిగిలినవారు కత్తులతో తలుపును గీకసాగారు. దీన్ని మొదట నేను వ్యూహాత్మక సహనంగా భావించాను.

నా భార్య పంకజాక్షి కళ్లజోడు పెట్టుకుని తెర చూసింది.

"ఆ పక్కన గోడ పడిపోయుండాదే. దాంట్లో పోకూడదా వాడు?"

"తలుపులోంచే పోవాలని వానికి నేర్పినారు."

"నేర్పినోళ్లు బాగానే ఉండారు. సచ్చేది వీళ్లు గదా. ఒక తూరి తల తిప్పి సూస్తే ఏం పోతాది?"

నమ్మకం వీగిపోయింది. ప్రసంగం పేరు మార్చాను: 'ఆచారం యంత్రానికి, విముక్తి హేతువాదికి'.

మా మండలి భవనానికి రెండు ద్వారాలు. తూర్పుది పాత యజమాని వాస్తు చూసి పెట్టుకున్నది. దక్షిణానిది వాస్తును ధిక్కరిస్తూ మేము గోడ పగలగొట్టి పెట్టించినది. సభ్యులెవరూ తూర్పు గడప తొక్కరాదని తీర్మానం ఉంది. దాన్ని ప్రతిపాదించిన గౌరవం నాదే.

సభ రోజు మిట్టమధ్యాహ్నం దక్షిణ ద్వారం తాళం తుప్పుపట్టి తెరుచుకోలేదు. కార్యదర్శి గోవిందస్వామి, పేరు విషయంలో ఆయనను ఎవరూ సంప్రదించలేదు, రాయితో కొట్టాడు. రాయి పగిలింది.

"తూర్పు తలుపు తీసే ఉండాదబ్బా," అని వెనుకనుంచి ఎవరో గొణిగారు.

"తీర్మానం సారుది," అన్నాడు గోవిందస్వామి. "సారు ముందు పోతే మేమూ పోతాం. అట్ల పోయినాయన్ని అధ్యక్షుణ్ణి చేసేది మాత్రం కుదరదు."

అందరూ నా వైపు చూశారు. నేను గొంతు సవరించుకున్నాను.

"మిత్రులారా, నీడ కోసం సిద్ధాంతాన్ని విడిచిన జాతి చరిత్రలో నిలవలేదు."

చప్పట్లు మోగాయి. ముందు నిలబడిన వృద్ధ సభ్యుడు తిరుమలయ్య ఎండకు కళ్లు తిరిగి కూలబడ్డారు. వెనుకాయన ఆ స్థానాన్ని సగౌరవంగా స్వీకరించారు.

నా ప్రసంగం వినడానికి వచ్చిన పంకజాక్షి తూర్పు ద్వారం గుండా లోపలికి వెళ్లి, ఫ్యాను వేసుకుని కూర్చుంది. కిటికీలోంచి పిలిచింది.

"ఏమండీ, ఒక తూరి తల తిప్పి సూడండి."

ప్రసంగం జరగలేదు. దక్షిణ ద్వారం బయటే నన్ను ఏకగ్రీవంగా అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు.