వకుళకు మంజూరైన అడ్డంకి

కథల్లో పాత్రలకు అడ్డంకులు మంజూరు చేసే కార్యాలయం కాకినాడలో ఒక పాత మేడ మూడో అంతస్తులో ఉంది. రచయితలు పాత్రను వెంటబెట్టుకుని రావాలి. పాత్ర లేకుండా వచ్చిన దరఖాస్తు తీసుకోరు. సోమవారం ఉదయం పదకొండింటికి హైమవతి తన కథానాయిక వకుళను ఆటోలో తీసుకొచ్చింది. మెట్లెక్కేటప్పుడు చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. వకుళకు అప్పటికే మోకాళ్ల కింద ఏమీ కనిపించడం లేదు.

ఇందులో వింతేమీ లేదు. పుట్టిన ముప్పై రోజుల్లోగా అడ్డంకి మంజూరు కాని పాత్ర కాళ్ల దగ్గర మొదలై, చివరికి బొట్టుతో సహా కనపడకుండా పోతుంది. ఆ సంగతి కార్యాలయం గోడ మీద అట్టముక్కపై రాసి వేలాడదీశారు. వకుళకు అది ఇరవై ఏడో రోజు.

హైమవతి బి.ఏ. చదివింది. పెళ్లయి పందొమ్మిదేళ్లు. తీరిక చిక్కించుకుని మొదటిసారి ఒక కథ రాసింది. అందులో వకుళ అనే ఆవిడకు ఉప్పాడ వెళ్లి సముద్రం చూడాలనిపిస్తుంది. బస్సెక్కి వెళుతుంది, ఇసకలో గంటసేపు ఒక్కతే కూర్చుంటుంది, తిరిగొస్తుంది. వారపత్రిక సంపాదకుడు కథను వెనక్కి పంపాడు. ‘పాత్ర కోరుకుంది, వెంటనే దొరికింది. ఎవరైనా అడ్డుపడితే గదా కథ! అడ్డంకి జతచేసి పంపగలరు’ అని చీటీ పెట్టాడు. కవరు చింపగానే చీటీ వెనకాలే వకుళ కూడా దిగింది. హైమవతి భర్త ప్రభాకరం పోస్టుమాన్ కాగితం మీద సంతకం పెట్టి, అటక మీంచి ఇంకో చాప దింపాడు. అత్తగారు మాత్రం ఆ పిల్ల కాకరకాయ తింటుందా అని అడిగింది. తింటుందన్నారు. అంతటితో వకుళ ఇంట్లో మనిషైపోయింది.

సూపరింటెండెంటు వీర్రాజు దరఖాస్తు చూసి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

“ఏం కావాలంటుందండీ అమ్మాయి?”

“సముద్రం చూడాలంటుందండి.”

“అంతేనా? పగ తీర్చుకోడం, తప్పిపోయిన చెల్లెల్ని వెతుక్కోడం, అలాంటివేం లేవా?”

“లేవండి. ఒక్కతే చూడాలి. అంతే.”

వీర్రాజు స్టాకు పుస్తకం తెరిచాడు. తుఫాన్లన్నీ నవలలవాళ్లు పట్టుకుపోయారు. గతం మరిచిపోయే జబ్బు టీవీ వాళ్లకు రెండేళ్ల ముందే కేటాయించేశారు. దుర్మార్గుడైన మేనమామ ఒకడున్నాడు గానీ, ఒకేసారి నాలుగు కథల్లో పనిచేసి నడుం పట్టేసి సెలవులో ఉన్నాడు.

“పులుందండి,” అన్నాడు ఆలోచించి.

“పులా!” అంది వకుళ.

“ముసలిదమ్మా. పళ్లు లేవు. ఇసకలో కూర్చోబెడితే జనం పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. అడ్డంకి కింద రాదులే.” పుస్తకం మూశాడు. “ఒక దారుంది. రచయిత ఇంట్లోనే అడ్డంకి ఉంటే దాన్ని పాత్ర పేరున రాసివ్వచ్చు. మీకేమన్నా ఉన్నాయా?”

హైమవతి కాసేపు ఆలోచించింది. “నేనూ పందొమ్మిదేళ్లుగా ఉప్పాడ వెళ్దామనుకుంటున్నానండి. వెళ్లలేదు.”

వీర్రాజు హుషారుగా కొత్త ఫారం తీశాడు. మొదటి గడి ‘అడ్డంకి పేరు’. రెండోది ‘అడ్డుపడిన వ్యక్తి’.

“మీ ఆయన వెళ్లొద్దన్నారా?”

“లేదండి. వెళ్లిరావోయ్ అనే అంటారు.”

“అత్తగారు?”

“ఆవిడైతే నాకో శంఖం కూడా తెమ్మన్నారు.”

“మరి?”

“ఒంటిగంటకి కుళాయి వస్తుందండి.”

వీర్రాజు కలం ఆగింది. “కుళాయి ఉప్పాడ వెళ్లనివ్వలేదని రాయమంటారా?”

“అది కాదండీ. కుళాయి అయ్యాక అత్తయ్యగారి మాత్రలు. ఆ వెంటనే బట్టలు. బట్టలు మడతపెట్టేసరికి మూడున్నర. ఆ పూటకి ఇంకెందుకులే అనిపిస్తుంది. మర్నాడు గ్యాసు బండొస్తుంది. ఆ మర్నాడు ఎవరో వస్తామంటారు, రారు. రారని ముందు తెలీదు కదండీ.”

“ఇది ఇంటిపని గదండీ? అడ్డంకి కాదు.”

“కాదండి,” అని ఒప్పుకుంది హైమవతి. ఆవిడకూ ఆ సంగతి అంతుబట్టడం లేదు.

వీర్రాజు వకుళ వైపు తిరిగాడు. “నువ్వు చెప్పమ్మా. ఇరవై ఏడు రోజులై ఆ ఇంట్లో ఉన్నావు. ఉప్పాడ బస్సు మీ వీధి చివరే ఆగుతుంది. ఎందుకెళ్లలేదు?”

“రోజూ వెళ్దామనే చెప్పులు తొడుక్కునేదాన్నండి, కాళ్లున్నన్నాళ్లూ,” అంది వకుళ. “ఈ ఒక్క వంకాయా తరిగేసి పోదాం అనిపించేది.”

“ఎవరాపారు?”

“ఎవరూ ఆపలేదండి.”

వీర్రాజుకు చెమట పట్టింది. ఎవరూ ఆపని, ఎవరూ దాటని అడ్డంకి ఆ కార్యాలయానికి అంతకుముందు ఎన్నడూ రాలేదు. వకుళ తొడల దాకా మాయమై కుర్చీలో కిందికి జారుతోంది. ఆయన సెల్‌ఫోను తీసి ఇంటికి కలిపాడు.

“ఏమేవ్, నువ్వెప్పుడన్నా ఉప్పాడ వెళ్లావా?... అదే, ఎందుకెళ్లలేదు అంటున్నా... నేనొద్దన్నానా?... మరి?”

నాలుగు నిమిషాలు విన్నాడు. ఫోను బల్ల మీద బోర్లించాడు.

“ఏమన్నారండీ?” అంది హైమవతి.

“పాలు పొంగుతున్నాయి, తర్వాత చేస్తానందండి.”

మొదటి గడి ఖాళీగా వదిలేసి, రెండో గడిలో ‘ఎవరూ లేరు’ అని రాసి ముద్ర కొట్టాడు. ముద్ర పడగానే వకుళకు మోకాళ్లొచ్చాయి, పాదాలొచ్చాయి, కాలి మట్టెలు కూడా వచ్చాయి. హైమవతికి మాత్రం చెప్పులు వదులైనట్టనిపించింది.

“మరి నాకండీ?”

“కొత్త అడ్డంకి పుట్టించే అధికారం మాకు లేదమ్మా. ఒకరిది ఇంకొకరికి మార్చడమే. ఇక మీకేం అడ్డు లేదు. హాయిగా ఉప్పాడ వెళ్లండి. కాకపోతే కొంచెం తొందరగా చూసుకోండి. ముప్పై రోజులు పాత్రలకే. మనుషులకి అంత గడువుండదు.”

వకుళ గోడ గడియారం చూసింది. పన్నెండూ యాభై. “అమ్మో, కుళాయి! నేనెళ్తానక్కా,” అంటూ కొత్తగా వచ్చిన కాళ్లతో మెట్లు రెండేసి దిగిపోయింది.

హైమవతి ఉప్పాడ వెళ్లింది. బస్సులో కిటికీ సీటు దొరికింది. సముద్రం తను రాసినచోటే ఉంది. రాసినట్టే ఇసకలో గంటసేపు కూర్చుంది. ఆ తర్వాత తిరిగి రావడం తప్ప ఇంకేం చెయ్యాలో కథలో రాసుకోలేదు కాబట్టి తోచలేదు. లేచి నడిస్తే ఇసకలో అడుగులు పడలేదు.

మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ విసనకర్ర ఆపి చూసింది. “పాదాల్లేవేంటమ్మా? ఏ అడ్డూ లేదా నీకు?”

“లేదండి.”

“అయ్యో. పెళ్లి కాలేదా?”

“అయిందండి.”

ఆవిడ ఎటూ తేల్చుకోలేక మళ్లీ పొత్తుల కింద నిప్పులు విసురుకుంది.

సాయంత్రం హైమవతి ఇల్లు చేరేసరికి మోకాళ్ల దాకా పోయింది. తలుపు చప్పుడు విని ప్రభాకరం పేపరు మీంచి తలెత్తకుండానే, “వకుళా, కాఫీ,” అన్నాడు.

“నేనండీ. ఉప్పాడ వెళ్లొచ్చాను.”

“మంచిది. ఎప్పట్నించో వెళ్లమంటూనే ఉన్నాగా,” అన్నాడు నిజంగానే సంతోషించి.

“శంఖమేదే?” అంది అత్తగారు. తేలేదంటే, వకుళ ఇచ్చిన మాత్ర నోట్లో వేసుకుని పడుకుంది.

వంటింట్లో వకుళ బెండకాయలు తరుగుతోంది. నుదుట చెమట, మొహం నిండా కళ. ఈసారి ఏ సంపాదకుడైనా వేసుకునేలా ఉంది.

“ఎలా ఉందక్కా సముద్రం?”

“బాగుంది. నేను రాసినట్టే ఉంది.”

“ఏమన్నా జరిగిందా?”

“ఏం జరగలేదు.”

వకుళ చూపు హైమవతి కుచ్చెళ్ల మీద పడింది. కింద ఏమీ లేకపోవడంతో అవి గాలికి ఊగుతున్నాయి.

“ఆ బెండకాయల్లో సగం ఇటివ్వు,” అంది హైమవతి.

“నా పేరున రాశారు గదక్కా. ఒప్పుకుంటారా?”

“ఎవరడుగుతారు?”

వకుళ అయిష్టంగానే సగం పీట మీదికి నెట్టింది. మొదటి కాయ తరగ్గానే హైమవతికి కుడికాలి బొటనవేలు వచ్చింది. నాలుగో కాయకు మడమ వచ్చింది. ఇడ్లీకి పప్పు తనే నానబోస్తానంది. పొద్దున అత్తయ్యగారి కషాయం కూడా తనే కాస్తానంది.

“అన్నీ నువ్వే పుచ్చుకుంటే నేనేమైపోవాలి?” అంది వకుళ.

హైమవతి వినిపించుకోలేదు. పాదాలు రెండూ గచ్చుకు ఆనాయి, చల్లగా. ప్రాణం కుదుటపడింది. చెయ్యి చాచి వకుళ ముందున్న మిగతా సగం కూడా ఇటు లాక్కుంది.