పుట్టగొడుగుల సారంటే హడల్

సోమవారం పొద్దున ఎనిమిదింటికి యుద్ధం. బాగస్ ఏడింటికల్లా స్నానం చేసి, ల్యాప్‌టాప్‌కి ఛార్జింగ్ పెట్టి, సోయా తెంపే బజ్జీల పొట్లం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. యుద్ధమంటే కత్తులూ కటార్లూ ఏం కాదులెండి. మలాంగ్‌లో చదివే పిల్లల్ని ఎవర్నడిగినా చెబుతారు, సెమిస్టర్ మొదట్లో సబ్జెక్టులు ఎంచుకునే రోజుకి వాళ్ళు పెట్టుకున్న పేరది. సరిగ్గా ఎనిమిదింటికి యూనివర్సిటీ సైటు తెరుస్తారు. వేలమంది ఒక్కసారే మీద పడతారు. నాలుగు నిమిషాల్లో మంచి సబ్జెక్టుల్లో సీట్లన్నీ అయిపోతాయి. ఆ నాలుగు నిమిషాలూ మన బాగస్ తెర మీద ఒక గుండ్రటి సున్నా తిరుగుతూనే ఉంటుంది. పోయిన రెండు సెమిస్టర్లూ అదే తిరిగింది.

వాడికి కావాల్సింది ఒకే ఒక్క సబ్జెక్టు. మూడు క్రెడిట్లు పడితే వ్యవసాయ డిగ్రీ చేతికొస్తుంది. అప్పటికే అయిదో ఏడు చదువుతున్నాడు. సొంతూరు బ్లితార్‌లో వాళ్ళమ్మ, కొడుకు పట్టా పుచ్చుకునే రోజు కోసమని పోయినేడే కెబాయా కుట్టించుకుంది. మావిడిపండు రంగు లేసు రవిక, కింద బాతిక్ గుడ్డ. వీడు పాసవ్వడం లేటయ్యే కొద్దీ ఆవిడ కొంచెం కొంచెం ఒళ్ళు చేసింది. రవిక రెండుసార్లు వదులు చేయించింది.

"ఒరే నాయనా, ఇంక లోపల విప్పడానికి గుడ్డ లేదన్నాడ్రా దర్జీ," అంది ఫోన్లో. "ఈసారి గనక తప్పిందా, నేను దుప్పటి కప్పుకుని రావాలి."

"ఈసారి ఖాయమమ్మా. నా దగ్గర ప్లానుంది."

ప్లాను పేరు పుట్టగొడుగుల పెంపకం. సుమార్నో సారు చెప్పే ఎలెక్టివ్. అంత సులువైన సబ్జెక్టు ఆ ఊళ్ళో ఇంకోటి లేదు. సారు మెత్తని మనిషి. హాజరు పిలవడు, పిలిచినా అందరూ ఉన్నారనే రాసుకుంటాడు. పరీక్ష రోజున పిల్లలు తలా ఒక సంచిలో పెంచిన పుట్టగొడుగులు సారింటికి పట్టుకెళ్తారు, సారు భార్య వాటిని పిండిలో ముంచి కరకరలాడేలా వేయిస్తుంది, అందరూ సంబల్ కారం నంజుకుని తింటారు. కడుపు నిండినవాళ్ళందరికీ ఏ గ్రేడు. అందుకే నలభై సీట్లూ కళ్ళు మూసి తెరిచేలోపు పోతాయి.

ఈసారి బాగస్ సున్నాని నమ్ముకోలేదు. ఆదివారం మధ్యాహ్నమే ఒక పని చేశాడు. పిల్లలు పేరు చెప్పకుండా మనసులో మాట రాసుకునే పేజీ ఒకటుంది. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, ఊరంతా మాత్రం చదువుతుంది. అందులో ఇలా రాసి పడేశాడు.

"తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, పుట్టగొడుగుల క్లాసు జోలికి వెళ్ళకండి. సుమార్నో సారు మునుపటి సారు కాదు. పోయినసారి సగంమందిని ఫెయిల్ చేశాడు. చెప్పాల్సింది చెప్పాను, తర్వాత మీ ఇష్టం."

ఒక పదిమంది జడుసుకుంటే చాలు, తనకో సీటు మిగులుతుంది అనుకున్నాడు. గంట తిరక్కుండానే కింద వ్యాఖ్యలు పుట్టగొడుగుల్లాగే లేచాయి.

"నిజమే. మా పెద్దమ్మ కొడుకు ఆ క్లాసులో చేరి నాలుగు కిలోలు తగ్గాడు."

"పొద్దున్నే ఆరింటికి షెడ్డులో నిలబెట్టి హాజరు పిలుస్తాడట."

"ఇరవై రెండు లాటిన్ పేర్లు! ఒకటి తప్పితే మళ్ళీ మొదట్నించీ చెప్పాలట!"

"ఆయన నవ్వగా చూసినోళ్ళు ఎవరైనా ఉన్నారా అసలు?"

ఆ రాసినవాళ్ళలో ఒక్కడు కూడా సారు క్లాసులో కాలు పెట్టినవాడు కాదు. చదువుతూ చదువుతూ బాగస్‌కే ఒక క్షణం ఒళ్ళు జలదరించింది, ఇంత దుర్మార్గుడి దగ్గరా నేను చేరబోయేది అని.

సరే, ఎనిమిదయింది. సైటు తెరిచారు. బాగస్ నొక్కాడు. సున్నా తిరగనే లేదు. ఒక్క సెకనులో "మీరు చేరారు" అని వచ్చేసింది. వాడు గదిలో ఎగిరి గంతేసి, బజ్జీలు మూడు వరసగా నోట్లో వేసుకున్నాడు. అదే గదిలో ఉండే హెండ్రో తన కంప్యూటర్ ముందునించి తల తిప్పాడు.

"ఏంట్రా ఆ కోతి గంతులు? ఏది దొరికింది?"

"పుట్టగొడుగులు."

హెండ్రో మొహంలో రంగు మారింది. "పిచ్చెక్కిందా నీకు? ఆ పేజీ చూళ్ళేదా? నేనూ అదే తీసుకుందామనుకుని, అది చదివి నేల కోత సబ్జెక్టుకి పారిపోయా. బతికుంటే బలుసాకు తినొచ్చు... అదేదో నువ్వు తినేలా లేవు."

"నాకేం భయం లేదు," అన్నాడు బాగస్ గొప్పగా.

ఆ గొప్ప పదింటిదాకా నిలిచింది. పదింటికి లిస్టు తెరిచి చూశాడు. నలభై సీట్లు, చేరినవాళ్ళు ఒకరు. ఆ ఒకరి పేరు బాగస్. పరిగెత్తుకుంటూ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ సబ్జెక్టుల లిస్టులు చూసే ఎందాంగ్ మేడం గులాబీ రంగు తలగుడ్డ సర్దుకుంటూ కళ్ళద్దాల పైనించి చూసింది.

"ఒక్కడికోసం క్లాసు నడపరు నాయనా. కనీసం పదిమంది ఉండాలి. లేదంటే శుక్రవారం నమాజుకి ముందే కొట్టేస్తాను."

"కొట్టేస్తే నాకు వేరేది ఇస్తారా మేడం?"

"అన్నీ నిండిపోయాయి. ఉండు, చూస్తాను... ఆఁ, గణాంకాల్లో ఒకటుంది. రాసెయ్యనా?"

గణాంకాల్లో వాడు ఇప్పటికి రెండుసార్లు తన్నేశాడు. "వద్దు మేడం, పదిమందిని తెస్తాను," అని బయటపడ్డాడు.

ముందు ఆ పేజీలోనే ఇంకోటి రాశాడు. "నిన్న రాసిందంతా అబద్ధం. సుమార్నో సారు బంగారం. అందరూ చేరండి." దానికొచ్చిన జవాబులు చూడాలి మీరు. "సార్, నమస్కారం సార్!" అని ఒకడు. "లోపల ఇరుక్కున్నవాడెవడో తోడు కోసం కేకలేస్తున్నాడు పాపం," అని ఇంకొకత్తె. "సారే పక్కన కూర్చుని రాయిస్తున్నారేమో, నీకు ప్రమాదమైతే ఒక చుక్క పెట్టు," అని మూడోవాడు. బాగస్‌కి ఒళ్ళు మండి జవాబు మొదలెట్టాడు. చెయ్యి జారి చుక్క ఒక్కటే పడింది, అదే వెళ్ళిపోయింది. అంతే, యూనివర్సిటీ మొత్తం గుప్పుమంది.

ఇంక మిగిలిన దారి కాళ్ళు పట్టుకోవడమే. మొదట హెండ్రో.

"వస్తాను," అన్నాడు హెండ్రో కాలు మీద కాలేసుకుని. "నేల కోత వదిలేసి వస్తాను. కానీ సెమిస్టరంతా నా బట్టలు నువ్వే ఉతకాలి. ఏంటలా చూస్తావ్? చావుకి తీసుకెళ్ళేవాడు ఆ మాత్రం చెయ్యడా?"

తర్వాత లారస్. బాగస్ క్లాసువాళ్ళలో చదువు మిగిలింది వీడికీ, ఆ పిల్లకీ మాత్రమే. ఆమె ప్రాజెక్టు కొండ మీద ఆపిల్ తోటలో.

"వారానికి మూడు పొద్దులు నన్ను బండి మీద కొండెక్కించి దింపు. వానొచ్చినా సరే," అంది. "అయినా నీకెందుకురా ఆ క్లాసు మీద ఇంత పిచ్చి?"

"పుట్టగొడుగులంటే చిన్నప్పట్నించీ ఇష్టం."

"పోయిన పుట్టినరోజుకి సూపులోంచి ఏరి ఏరి నా గిన్నెలో వేశావ్ కదరా!"

జూనియర్లు ఆరుగురు దొరికారు. అన్నయ్య అడిగితే కాదనలేని రకం. కాదనలేదు గానీ, ఆరుగురికీ ల్యాబు రికార్డుల్లో బొమ్మలు వేసిపెట్టమన్నారు. శుక్రవారం పొద్దున లెక్క చూస్తే తనతో కలిపి తొమ్మిది. ఒక్కరు తక్కువ. గంట పది. ఇంక సారు కాళ్ళే గతి అని బండి తీశాడు.

సుమార్నో సారు లుంగీ మీద, వసారాలో వేలాడదీసిన పంజరంలోని పిట్టకి ఈల వేస్తున్నాడు. బాగస్ మర్యాదగా వంగి సారు చెయ్యి తన నుదుటికి ఆనించుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. సారు పక్కన బల్ల మీద కాగితాల కట్ట. ఆ పేజీ మొత్తం, వ్యాఖ్యలతో సహా, ప్రింటు తీసి ఉంది. బాగస్ గబగబా అందుకున్నాడు.

"సార్, అది ఎవరో తుంటరి..."

"చదివావా నువ్విది?" అన్నాడు సారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "మళ్ళీ ఒకసారి పైకి చదువు. ఆ నవ్వగా చూసినోళ్ళు లేరనే ముక్క దగ్గర కొంచెం నెమ్మదిగా చదువు."

బాగస్ చదివాడు. సారు కళ్ళు మూసుకుని విన్నాడు.

"ముప్ఫయ్యొక్క ఏళ్ళు పాఠం చెప్పానయ్యా. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నాకు భయపడలేదు. ఈ పిట్ట కూడా నేనొస్తే మొహం తిప్పుకుంటుంది. మీటింగులో నా ప్లేటులో బజ్జీలు నా ముందే తీసుకుని తింటారు. నిన్న మీటింగుకి వెళ్ళానా, డీన్ గారు లేచి కుర్చీ ఇచ్చాడు! నా బజ్జీలు ఎవరూ ముట్టుకోలేదు!"

లోపల్నించి భార్య కేకేసింది. "మూడు రోజుల్నించీ అద్దం ముందు కనుబొమలు ముడెయ్యడం ప్రాక్టీసు చేస్తున్నారు బాబూ. కూర మాడిందని చెబుదామంటే నాకే భయమేస్తోంది."

"క్లాసు కొట్టేస్తున్నారు సార్," అన్నాడు బాగస్ ఏడుపు గొంతుతో. "తొమ్మిదిమందే ఉన్నాం."

సారు ఫోను తీసి డీన్‌కి కలిపాడు. "తొమ్మిదిమంది చాలు," అన్నాడు. అంతే అన్నాడు. అవతల్నించి "అలాగేనండీ, తప్పకుండానండీ" అని వినపడింది. సారు ఫోను పెట్టేసి దాని వైపు కాసేపు ఆశ్చర్యంగా చూశాడు.

క్లాసు నిలిచింది. నిలిచింది గానీ, అది పాత క్లాసు కాదు. ఆ వ్యాఖ్యల కట్టనే సారు సిలబస్ చేసుకున్నాడు. పొద్దున్నే ఆరింటికి షెడ్డులో నిలబెట్టి హాజరు. ఇరవై రెండు లాటిన్ పేర్లు, ఒకటి తప్పితే మొదట్నించీ. ఎర్ర పెన్నులు డజను. ఎవడైనా గొణిగితే కాగితం చూపించి, "ఇదుగో, రాసి ఉంది," అనేవాడు. వేపుళ్ళు బంద్. సారు భార్య మాత్రం ఆయన అటు తిరగ్గానే వంటింటి కిటికీలోంచి పళ్ళెం అందించి, "తొందరగా మింగండర్రా, మళ్ళీ కనుబొమలు వస్తున్నాయి," అనేది.

పిల్లలు భయంతో చదివారు. చదివితే, ఆశ్చర్యం, వచ్చింది. హెండ్రో స్నానం చేస్తూ లాటిన్ పేర్లు పాడేవాడు. బాగస్ మాత్రం పొద్దున హెండ్రో బట్టలు పిండి, లారస్‌ని కొండెక్కించి, మధ్యాహ్నం ఆరుగురి రికార్డుల్లో వేరు బుడిపెల బొమ్మలు వేసి, ఖాళీ దొరికితే పడి నిద్రపోయేవాడు. తన పుట్టగొడుగుల సంచికి నీళ్ళు చల్లడం ఎన్నిసార్లు మర్చిపోయాడో వాడికే లెక్క లేదు.

పరీక్ష రోజున ఎనిమిది సంచుల నిండా తెల్లగా, విసనకర్రల్లాగా విచ్చుకున్న పుట్టగొడుగులు. బాగస్ సంచిలో మూడు. చొక్కా గుండీలంత. లాటిన్ పేర్లు పద్ధెనిమిదిదాకా చెప్పి, ఆగి, మళ్ళీ మొదట్నించీ వచ్చి, పందొమ్మిది దగ్గర చతికిలబడ్డాడు. సారు ఆ మూడు గుండీలనీ, వీడి అరిగిపోయిన చేతుల్నీ మార్చి మార్చి చూశాడు.

ఫలితాలొచ్చాయి. ఎనిమిది మందికి ఏ. బాగస్‌కి సీ. వాడికి సీ చాలు, పాసే. హెండ్రో వచ్చి కౌగిలించుకున్నాడు. "నువ్వు లాక్కెళ్ళకపోతే జన్మలో నాకు ఏ వచ్చేది కాదురా. నిన్నటి చొక్కాకి కాలరు మురికి పోలేదు, అది మళ్ళీ ఉతుకు."

పట్టా పుచ్చుకునే రోజు బ్లితార్ నించి అమ్మ వచ్చింది. మావిడిపండు రంగు కెబాయాలో, ఊపిరి పొదుపుగా తీసుకుంటూ, నిటారుగా కూర్చుంది. సుమార్నో సారు నేరుగా ఆవిడ దగ్గరకే వచ్చాడు. దారిలో పిల్లలు పక్కకి తప్పుకున్నారు.

"అమ్మా, మీవాడు ధైర్యవంతుడు. ఎవరో నా మీద రాసిన రాతలు చదివి యూనివర్సిటీ అంతా నన్ను చూసి పారిపోతే, అందరికంటే ముందు, ఒక్క సెకనులో నా క్లాసులో చేరినవాడు వీడొక్కడే."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. ముక్కు చీదబోయి, కుట్లు గుర్తొచ్చి మానుకుంది. "అయ్యో, మీలాంటి దేవుడి మీద అలాంటి రాతలు ఎవడు రాశాడు సార్? వాడి చేతులు పడిపోను!"

బాగస్ చేతులు గౌను జేబుల్లో దాచుకున్నాడు. సారు వాడి భుజం మీద చెయ్యేసి స్తంభం వెనక్కి నడిపించాడు.

"చూడు నాయనా, పుట్టగొడుగు ఎక్కడ లేచిందో చూస్తే కింద ఏం పాతిపెట్టారో నాకు తెలిసిపోతుంది. నలభై సీట్లు ఖాళీగా ఉన్నప్పుడు మొదటి సెకనులోనే లేచింది నువ్వొక్కడివే."

బాగస్ కాళ్ళ మీద పడబోయాడు. సారు పట్టుకుని లేపాడు.

"అది కాదు. ఇప్పుడు ఎనిమిదిమందికి ఏ గ్రేడు వచ్చేసరికి, నేను మంచివాణ్ణని మళ్ళీ పుకారు లేచింది. నిన్న మీటింగులో ఎవడో నా బజ్జీ తీసుకున్నాడు." సారు చుట్టూ ఒకసారి చూశాడు. "వచ్చే సోమవారమే యుద్ధం. నువ్వు ఊరెళ్ళే లోపల ఇంకొకటి రాసి పెట్టి పోవా?"

బాగస్ అక్కడే, నల్ల గౌనులో, స్తంభానికి ఆనుకుని రాసి పంపేశాడు. అయిదేళ్ళ చదువులో వాడు గడువుకి ముందే అప్పజెప్పిన పని అదొక్కటే.