రాయమల్లు దులిపిన పొడి

ఆ సోమవారం పొద్దున జయరాజు పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కాలేజీ ల్యాబుకు వెళ్ళడం, తాను పెంచుతున్న శిలీంధ్రాన్ని ఒకసారి చూసుకోవడం, పదకొండింటికి మద్రాసు నుంచి వచ్చే సావిత్రి మేడమ్‌కు చూపించడం. ఆమె సరేనంటేనే అతని ఫెలోషిప్పు ఇంకో ఏడాది సాగుతుంది. లేకపోతే హన్మకొండలో ట్యూషన్లే గతి.

అది ట్రఫుల్ అనే పుట్టగొడుగు. చలి దేశాల్లో చెట్ల వేళ్ళ దగ్గర, మట్టి లోపల కాస్తుంది. జయరాజు మూడేళ్ళుగా దాని తెల్లటి దారాలను గాజు ప్లేట్లలో సాకుతున్నాడు. కాయ కాస్తే తప్ప దానికి విత్తనపు పొడి రాదని అతను చదివిన పుస్తకాలన్నీ చెప్పాయి. ఆ పొద్దున చూస్తే కాయ లేదు గానీ, దారాల మీద పసుప్పచ్చని పొడి ఉంది.

డిపార్ట్‌మెంటు హెడ్ సారంగపాణి ఒక్క చూపుతో తేల్చేశారు. "కంటామినేషన్! బయటి బూజు పడ్డది. మేడమ్ ముందర నా ఇజ్జత్ తీస్తవా? ఆ ప్లేట్లు కనబడొద్దు."

జయరాజు ఏడుపు ముఖంతో మేడమ్‌ను తీసుకురావడానికి స్టేషనుకు వెళ్ళాడు. అటెండర్ రాయమల్లు మనసు కరిగిపోయింది. పెద్ద ఆఫీసర్లు వచ్చే రోజు ఎక్కడా దుమ్ము కనిపించకూడదన్నది అతని ఇరవై ఏళ్ళ సర్వీసు నేర్పిన సత్యం. ఒక మెత్తటి బ్రష్షు తీసుకుని, జయరాజు ప్లేట్లలోని పొడినంతా శ్రద్ధగా దులిపేశాడు. పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది. పక్క బల్ల మీద, శిలీంధ్రాలకు మేతగా వేడి జెల్లీ పోసిన హెడ్ గారి ముప్పై కొత్త ప్లేట్లు చల్లారడానికి మూతలు తీసి ఉన్నాయి.

జయరాజు ఒంటరిగా తిరిగి వచ్చాడు. వానలకు డోర్నకల్ దగ్గర పట్టాలు మునిగి, మేడమ్ రైలు వెనక్కి మళ్ళింది.

"ఫికర్ జెయ్యకుండ్రి సారూ, అంత సాఫ్ జేసిన," అన్నాడు రాయమల్లు.

ప్లేట్లు పారేయడానికి చేతులు రాక జయరాజు వాటిని బీరువాలో దాచుకున్నాడు. నెల తిరిగేసరికి వాటిలో మళ్ళీ పొడి వచ్చింది. హెడ్ గారి ముప్పై ప్లేట్లలోనూ తెల్లటి దారాలు అల్లుకున్నాయి. ఆయన ఆరా తీసి, రాయమల్లుకు మెమో టైపు చేయించారు.

"నా కొలువు పోతదా సారూ?" రాయమల్లు జయరాజును అడిగాడు.

"నా కోసం జేసినవు గదన్నా. నేనే చెప్త."

ఆ రోజే మేడమ్ దిగారు. జయరాజు బీరువా తెరిచి, జరిగిందంతా చెప్పేసి, తప్పు తనదేనన్నాడు. పాపం, ట్యూషన్లకు మనసులోనే సిద్ధమైపోయాడు. ఆమె అరగంట మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తలేదు.

"ఇది బయటి బూజు కాదు. దారాల కొసల నుంచే పుట్టింది. కాయ లేకుండా, జత కూడకుండా వచ్చిన విత్తనం! కానీ ఇది మొలుస్తుందని రుజువేదీ?" అంటూ ఆమె హెడ్ గారి ప్లేట్ల వైపు తిరిగారు.

ఒక్కొక్కటే చూశారు. మూడింటిలో మామూలు బూజు. ఇరవై ఏడింటిలో ట్రఫుల్ దారాలే.

"ఇంత సమంగా చల్లింది ఎవరు?"

తలుపు చాటు నుంచి రాయమల్లు బయటికి వచ్చాడు. "చల్లలే మేడమ్. దులిపిన."

జయరాజు ఫెలోషిప్పు నిలిచింది. అతను అందరి ముందే రాయమల్లును కావలించుకుని ఏడ్చాడు. మేడమ్ చెప్పాక హెడ్ గారు రాయమల్లుకు ప్రశంసాపత్రం ఇవ్వక తప్పలేదు. ఆఫీసులో కాగితాలు కరువు కావడంతో దాన్ని మెమో వెనకవైపే టైపు చేయించారు.

రాయమల్లు దానికి రెండు వైపులా అద్దం వేయించాడు.