క్యాబేజీలకు జడిసి మాస్టారునయ్యాను

నవంబరు నెల చివరికొస్తోందంటే చాలు, మా ఆవిడ మాల్సున్ నా నడుము వైపు అదోరకంగా చూడటం మొదలుపెడుతుంది. ప్రేమతో కాదు లెండి. పశువుల సంతలో ఎద్దును కొనేవాడు చూసే చూపది.

ఆ రోజుల్లో మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ కిమ్‌జాంగ్ హడావిడే. చలికాలమంతటికీ సరిపడే కించీ, అంటే మా క్యాబేజీ పచ్చడి, ఒక్క విడతలో పెట్టేయాలి. క్యాబేజీలు కోయాలి, ఉప్పులో ఊరవేయాలి, కడగాలి, పిండాలి, ఒక్కో ఆకూ ఎత్తి కారం పట్టించాలి. ఇదంతా ఆడవాళ్ల పనని పేరు. మోత మాత్రం మొగుడిది. మా ఆవిడ కొడుక్కీ, కోడలికీ, కోడలి పుట్టింటికీ కూడా కలిపి పెడుతుంది కనుక మా వాకిట్లో దిగేది క్యాబేజీలు కాదు, కొండ.

ఇందులో బదులు పని ఒకటుంది. ఆవిడ వెళ్లి నలుగురిళ్లలో కారం పూసి వస్తే, ఆ నలుగురూ మా ఇంటికి వచ్చి పూసి వెళ్తారు. ఆ పూసే చేతులన్నిటికీ బస్తాలు అందించేది నేనొక్కణ్ణే. ఉద్యోగమంతా పోస్టాఫీసులో మూటలు మోసి, ఇక చాలని ఇంటికొచ్చినవాణ్ణి నేను.

అందుకే లైబ్రరీ గోడ మీద ఆ ప్రకటన చూడగానే నాకు సమాజం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. చదువురాని పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేందుకు స్వచ్ఛందంగా పనిచేసేవారు కావాలట. శని, ఆదివారాలు. సరిగ్గా కిమ్‌జాంగ్ జరిగే రోజులు!

"ఏమోయ్, నేను సమాజసేవ చేద్దామనుకుంటున్నాను," అన్నాను అన్నం దగ్గర.

"ఎవరికి?"

"సమాజానికి."

"చెత్త సంచి బయటపెట్టమని మిమ్మల్ని మూడుసార్లు పిలవాలి. సమాజం ఎన్నిసార్లు పిలిచిందేమిటి?"

"వెటకారాలొద్దు. పాపం ముసలివాళ్లు, అక్షరం ముక్క రాదు. శని, ఆదివారాలు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా క్లాసు. ఈసారి మన క్యాబేజీలకి ఉండలేనేమో. నాకూ బాధగానే ఉందనుకో."

నా మొహంలో బాధ ఎక్కడుందో కాసేపు వెతికింది. తర్వాత తీయగా నవ్వింది.

"వెళ్లండి. చదువు చెప్పడం పుణ్యం. క్యాబేజీలదేముంది, అవేమీ మనుషులు కావుగా పారిపోవడానికి."

ఇన్నేళ్ల కాపురంలో మా ఆవిడ ఒక్క మాటకే ఒప్పుకోవడం అదే మొదలు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని ఊరి స్నానాలశాలకు బయల్దేరింది. మా ఊళ్లో ఆడవాళ్ల శాసనసభ ఆ వేడినీళ్ల తొట్టిలోనే జరుగుతుంది.

క్లాసు మాత్రం బ్రహ్మాండంగా మొదలైంది. అందరూ డెబ్బై దాటిన బామ్మలే. వాళ్ల పేర్లెవరికీ తెలియవు, పుట్టిన ఊరి పేరుతోనే పిలుస్తారు. జిందో దీవి నుంచి కోడలిగా వచ్చినావిడ జిందో బామ్మ. ఒక్కో అక్షరాన్నీ సముద్రం అవతలికి వినపడేలా అరుస్తుంది. కింద గదిలో వార్తాపత్రికలు చదువుకునే పెద్దమనుషులు కూడా ఆ దెబ్బకు అక్షరాలన్నీ మళ్లీ నేర్చుకున్నారు.

ఇంకొకావిడకు నేనే కళ్లద్దాల బామ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ జీవితంలో కళ్లద్దాలు కొన్నది లేదు. కానీ బస్సు పేరు అడిగినా, మందు సీసా చూపించినా ఒకటే జవాబు. "కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాను నాయనా, కాస్త నువ్వే చదువు." అలా ఆ మాట మీదే బతుకంతా నెట్టుకొచ్చింది.

నాకు గొప్ప హుషారుగా ఉండేది. వచ్చేటప్పుడు ఒకరు కాల్చిన చిలగడదుంప, ఒకరు ఎండబెట్టిన రేగుపళ్లు నా కోటు జేబుల్లో కుక్కేవారు.

కొన్ని వారాలు గడిచాక, కిమ్‌జాంగ్ పెట్టే అసలు శనివారం రానే వచ్చింది. నేను తెల్లారకుండానే ఇంట్లోంచి జారుకుని లైబ్రరీకి చేరాను. తొమ్మిదైంది, పదైంది. గదిలో నేను, హీటరు, ఒక్క కళ్లద్దాల బామ్మ.

"మిగతావాళ్లేరమ్మా?"

"ఇంకెక్కడుంటారు మాస్టారూ? క్యాబేజీల దగ్గర. అవి ఉప్పులో పడ్డాక ఎవరి మాటా వినవు."

లైబ్రేరియన్ తక్ గారు తలుపు దగ్గర నిలబడ్డారు. ఆవిడ మెత్తని మనిషే, కానీ పద్ధతంటే పద్ధతే. "మాస్టారూ, ఈ గది కోసం టేబుల్ టెన్నిస్ వాళ్లు తిరుగుతున్నారు. రేపు కూడా ఇలా ఖాళీగా ఉంటే క్లాసు ఎత్తేసి వాళ్లకివ్వక తప్పదు," అన్నారు.

లోపల నేను గంతేశాను. పనీ లేదు, పాఠమూ లేదు, సాయంత్రం దాకా బెంచీ మీద కునుకు తీయొచ్చు. ఆ మాటే కాస్త మర్యాదగా చెబుదామని బామ్మ వైపు తిరిగాను. ఆవిడ కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

"మా మనవరాలు సోల్ రోజూ పక్కలోకి బొమ్మల పుస్తకం తెచ్చి చదవమంటుంది మాస్టారూ. ఎలుగుబంటీ, ముల్లంగీ బొమ్మలుంటాయి. నాకు తోచింది కల్పించి చెబుతున్నాను. ఓ పులిని కూడా పెట్టాను. పిల్ల ఇప్పుడు స్కూల్లో అక్షరాలు దిద్దుతోంది. మొన్న 'బామ్మా, ఇక్కడ పులి అని లేదే' అంది. నాకు అక్షరాలైతే వచ్చాయి, ఇక మాటలు కూడబలుక్కోవడమే. అది చదవడం నేర్చుకునేలోపు నేను నేర్చుకోవాలి. దాని ముందు దొరికిపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

నేను బెంచీ మీంచి కోటు తీసి తొడుక్కున్నాను. కునుకు సంగతి మరిచిపోయాను.

"తక్ గారూ, క్లాసు గదిలోనే జరగాలని ఉందా?" అన్నాను.

"మనుషులుండాలి, చదువు జరగాలి. నేను కళ్లారా చూడాలి. అంతే."

అంతే, జిందో బామ్మ ఇంటికి పరుగెత్తాను. "చేతులు ఖాళీ లేవు గానీ నోరు ఖాళీయే మాస్టారూ. ఆ బస్తా ఇటు తెచ్చి పడేసి పాఠం చెప్పండి," అంది. బస్తా తెచ్చాను. ఉప్పు బస్తాలకు అట్టముక్కల మీద అక్షరాలు రాసి అంటించాను. బామ్మలు ఆకు తిప్పినప్పుడల్లా ఒక మాట చదివారు. కారం ముద్దలో వేలు ముంచి ప్లాస్టిక్ పట్టా మీద రాశారు. తప్పు రాసినవాళ్లు దాన్ని క్యాబేజీతో తుడిచేశారు. చిటికెడు కారం కూడా వృథా కాలేదు.

ఆ పని ముగియగానే పక్కిల్లు. ఆ పైన దాని పక్కిల్లు. చదువు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడుస్తుంటే వెనకాల బస్తాలతో నేను నడిచాను. తక్ గారు తనిఖీకొస్తే ఆవిడకీ రబ్బరు తొడుగులు తొడిగి కూర్చోబెట్టారు. కంట్లో కారం పడి ఏడుస్తూనే, "క్లాసు ఉంటుంది మాస్టారూ, ఉంటుంది," అన్నారు.

ఆదివారం మధ్యాహ్నానికి నా నడుము నాది కాకుండా పోయింది. జిందో బామ్మ మా అందర్నీ ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించింది. "ఇంకొక్క ఇల్లుంది మాస్టారూ, దాంతో సరి."

దారిలో పాఠం చెప్పే ఊపులో పడి నేను వీధి చూసుకోలేదు. ట్రాక్టరు ఆగాక తలెత్తితే ఎదురుగా నేను స్వయంగా రంగు వేసిన ఆకుపచ్చ గేటు. లోపల కొండ. కొండ పక్కన పీట మీద మా ఆవిడ.

"ఏమోయ్, మన కిమ్‌జాంగ్ నిన్ననే అయిపోయిందనుకున్నానే! రాత్రి చీకట్లో వచ్చి తెల్లారకుండానే వెళ్లానుగా, వాకిలి చూడనేలేదు."

"మీరు లేకుండానా? నా మనసొప్పుతుందా?"

"వీళ్లంతా ఇక్కడికెందుకు..."

"బదులు పనికండీ. ఇన్నిళ్లలో మన ఇంటి మనిషి బస్తాలు మోస్తే వాళ్లు మన ఇంటికి రావద్దూ? ఏటా నేను తిరిగేదాన్ని. ఈ ఏడు గడప దాటితే ఒట్టు."

జిందో బామ్మ ఊరంతా వినపడేలా గుట్టు విప్పింది. "స్నానాలశాలలో వీపు రుద్దించుకుంటూ చెప్పింది మాస్టారూ! 'కిమ్‌జాంగ్ రోజు మీరు క్లాసుకి వెళ్లకండి, మా ఆయనే వెతుక్కుంటూ వస్తాడు' అని!"

"నన్ను మాత్రం వెళ్లమంది," అంది కళ్లద్దాల బామ్మ సిగ్గుపడుతూ. "ఎవరూ రాకపోతే మీరు హాయిగా బెంచీ ఎక్కి పడుకుంటారట. సోల్ సంగతి మాత్రం నిజమే చెప్పాను మాస్టారూ."

నేను బస్తా ఎత్తాను. ఇంకేం చేస్తాను?

చీకటి పడేవేళకు కొండ కరిగి జాడీల్లోకి చేరింది. ఉడికించిన పంది మాంసం ఆవిర్లు కక్కుతూ వచ్చింది. అప్పుడే పెట్టిన కించీ ఆకులో ఓ ముక్క చుట్టి మా ఆవిడ నా నోట్లో పెట్టింది. నా నడుము ఆ క్షణాన అన్నీ క్షమించేసింది.

అప్పుడు కళ్లద్దాల బామ్మ, విందుకని వచ్చిన సోల్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం తీసింది. అందరూ చేతులు తుడుచుకుని చుట్టూ చేరారు. వేలు పెట్టి, తడుముకుంటూ, ఆగుతూ, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది. కళ్లద్దాలు లేకుండానే. నా కళ్లు మండాయి. కారం వల్లేనని అందరికీ చెప్పాను.

"పులేదీ?" అంది సోల్.

"ఇందులో లేదమ్మా."

"అయితే ఈ పుస్తకం బాగాలేదు. నాకు నీ పులి కథే కావాలి."

బామ్మ నా వైపు తిరిగింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. "మాస్టారూ, చదవడం వచ్చేసింది. ఇక కథ రాయడం నేర్పండి. పులిని పెట్టి నేనే ఓ పుస్తకం రాస్తాను. వచ్చే ఏడు కిమ్‌జాంగ్ దాకా పట్టినా ఫరవాలేదు."

వచ్చే ఏడు కిమ్‌జాంగ్ అన్న మాట చెవిన పడగానే మా ఆవిడ మిగిలిపోయిన ఉప్పు బస్తా ఒకటి నా ముందుకు తోసింది.

"ఏమండీ, దీని మీద బరువెంతని రాసుందో కాస్త చదివి, గోదాంలో పెట్టి రండి."

నేను కళ్లు చికిలించాను. "చదివేవాణ్ణే గానీ... కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాను."

"మాస్టారూ," అంది కళ్లద్దాల బామ్మ జాలిగా, "మనమున్నది మీ ఇంట్లోనే. అవి ఉన్నది మీ ముక్కు మీదే."