సరళ కొలతల కారు

ఆ రోజు ఉదయం సరళ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తారు రోడ్డు ఆగిపోయే చోట దిగే ఇంజనీరును కారులో ఎక్కించుకోవాలి. అడవిలో ఉన్న తునికిగుంపు అనే ఊరి దాకా తీసుకుపోవాలి. రోడ్డు లేదని కళ్ళారా చూపించాలి. అంతే.

సరళ ఆ ఊరికి నర్సు. ఆ ఊళ్ళో శ్రావణికి ఏడో నెల. ఇంజనీరు సారు "రోడ్డు కావాలి" అని రాస్తే నెలలో మొరం పడుతుంది, 108 బండి ఊళ్ళోకొస్తుంది. రాయకపోతే నొప్పులు వచ్చిన నాడు మంచం మీద మోసుకురావాలి. పోయిన ఏడు అట్లా మోసుకొచ్చిన మనిషి తారు రోడ్డు చూడకుండానే పోయింది. ఎలక్షన్లు వచ్చిన ప్రతిసారీ ఆ ఊరికి రోడ్డు వస్తుంది, ఓట్ల డబ్బాలతో పాటే తిరిగి వెళ్ళిపోతుంది.

కిరాయి జీపుల వాళ్ళు ఆ దారి పేరు చెబితే ఫోను పెట్టేశారు. మిగిలింది సరళ భర్త జగదీష్ కారు. దాన్ని కిట్ కారు అంటారు. ఫైబరు బాడీ, పాత ఇంజను, సంచెడు బోల్టులు పెట్టెల్లో వస్తాయి. బిగించుకునే ఖర్మ మనది. అశ్వారావుపేట పక్కన పామాయిల్ తోట షెడ్డులో జగదీష్ ఏడాది పాటు బిగించాడు. అతను ఆరడుగుల మనిషి. సీటూ, పెడళ్ళూ తన కాళ్ళ కొలతకే పెట్టుకున్నాడు. తీరా నిన్న గెల కోస్తుంటే అది పాదం మీద పడి, కాలు బూడిద గుమ్మడికాయంత అయింది. ఇంట్లో లైసెన్సున్న రెండో మనిషి సరళ. ఆమె అతని గుండె దాకా వస్తుంది.

"కూర్చో. క్లచ్ తొక్కు," అన్నాడు జగదీష్, కారు పక్కన వేసుకున్న మంచం మీద నుంచే.

"ఏడుంది క్లచ్?"

"కాలు చాపు."

"చాపిన. ఇంక చాపితే సీట్ల కెల్లి జారి కిందికి పోత."

కుంటుకుంటూ లేచి, కారు నేలకు కొత్త బెజ్జాలు వేసి సీటు ముందుకు జరిపాడు. అయినా నాలుగు వేళ్ళ దూరం మిగిలింది. పెడళ్ళకు చెక్కముక్కలు కొట్టి ట్యూబు రబ్బరుతో చుట్టాడు. కాళ్ళు అందాయి. కానీ ఆమెకు స్టీరింగు తప్ప ఏమీ కనబడలేదు. కింద దిండు పెట్టాడు. రోడ్డు కనబడింది, కాళ్ళు గాల్లోకి లేచాయి.

"ఏదో ఒకటి తేల్చు. రోడ్డు కనబడాల్నా, బ్రేకు అందాల్నా?"

"లేని రోడ్డును చూసి ఏం జేస్త? బ్రేకే అందనియ్యండి."

చివరికి బొంతను నాలుగు మడతలు వేసి కింద పెడితే పాదాలూ అందాయి, కళ్ళూ డాష్‌బోర్డు పైకి తేలాయి. బాగా కుదిరింది. కానీ ఇదంతా వట్టి కాళ్ళతో కుదిరిన కొలత. అత్తగారు రాఘవమ్మ చెప్పులు ఎక్కనిస్తేనా! "పూజ చేసిన బండి, నిమ్మకాయలు తొక్కించిన బండి. అందులో చెప్పుల కాలు పెడితే నేనూరుకోనమ్మా!" అని పసుపు చేత్తో తలుపు దగ్గర కాపలా కాసింది. కాళ్ళకు పసుపు పూసి మరీ సాగనంపింది.

తోట గేటు దాటగానే క్లచ్ మీది చెక్కలోంచి మేకు లేచింది. పసుపు పాదానికి మేకు ఏం మర్యాద చేస్తుంది? కసుక్కున దిగింది. అత్తగారు కనుచూపు మేరలో లేరు గనక సరళ బ్యాగులోంచి బూట్లు తీసి వేసుకుంది. అడవిలో తిరిగే బూట్లు, మందపు అడుగులు. ఆ మందమంతా మోకాళ్ళలోకి పోయి, అవి స్టీరింగుకు తగిలాయి. మోకాళ్ళకు చోటివ్వడానికి ఆమె కిందికి జారింది. తల డాష్‌బోర్డు కిందికి దిగిపోయింది. స్టీరింగు కమ్మీల సందులోంచి దారి ఇంత కనబడుతోంది, చాలనుకుంది. చలికి తలమీద కప్పుకున్న శాలువా నలుపు, సీటు రెగ్జిన్ నలుపు. కారులో మనిషి ఉందన్న సంగతి ఇప్పుడు కారుకు తప్ప ఎవరికీ తెలియదు.

మంచు దట్టంగా ఉంది. పామాయిల్ చెట్లు మట్టలు వేలాడేసుకుని, ఎవరినో సాగనంపడానికి వచ్చినట్టు వరసగా నిలబడ్డాయి. పిట్ట కూయడం లేదు. ఎదురొచ్చిన పాలాయన కారు లోపలికి ఒక్కసారి తొంగి చూసి, సైకిలు పడేసి చెట్లలో కలిసిపోయాడు. చాలాసేపు ఆ చక్రమొక్కటే గిర్రున తిరుగుతూ ఉంది.

ఇంజనీరు శ్రీధర్ తారు రోడ్డు చివర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. అతన్ని దింపిన జీపు డ్రైవరు టీకి వెళ్ళాడు. ఫోనుకు సిగ్నల్ లేదు. మంచులో రెండు పసుపు దీపాలు కనబడ్డాయి. కారు మెల్లగా దగ్గరికొచ్చింది. లోపల ఎవరూ లేరు. స్టీరింగు దానంతటదే ఇటు తిరిగింది. అతని ఎదురుగా తలుపు కిర్రుమని తెరుచుకుంది.

"ఎక్కండి సార్," అంది కారు, ఆడ గొంతుతో. "మీ కోసమే వచ్చిన."

శ్రీధర్ ఎక్కలేదు. పరుగెత్తాడు. రెండు పక్కలా లోతైన కందకాలు, పక్కకు దూకే దారి లేదు. ఇక ముందుకే. సరళకు కారు ఆపి దిగే ధైర్యం లేదు. ఇంజను ఆగితే మళ్ళీ స్టార్ట్ కాదు, తోయాలి. తోయడానికి అడవిలో ఉన్న ఒకే ఒక్క మనిషి ముందు పరుగెత్తుతున్నాడు. మొదటి గేరులో వెంటపడింది.

"సార్! ఆగండి సార్! అక్కడ అందరు మీ కోసం చూస్తున్నరు!"

"ఎందరున్నా నేను రాను!"

"మీరు రాకుంటే ఒక ప్రాణం పోతది సార్!"

ఆ ప్రాణం ఎవరిదో శ్రీధర్‌కు సందేహం కలగలేదు. అంతలో కారు గుంతలో పడింది, మోకాలు హారన్‌కు తగిలింది. పాత లారీ హారన్, లోపల నీళ్ళు దిగాయి. పసిపిల్ల గొంతు పిసికినట్టు ఏడ్చింది. ఆ ఏడుపు అడవిలోకి పోయి, ఒక చుట్టు తిరిగి, వెనక నుంచి మళ్ళీ వచ్చింది. శ్రీధర్ చెప్పులు దారిలోనే వదిలేసి తునికిగుంపులో జొరబడి, ఎదురొచ్చిన ముత్తక్క వెనక దాక్కున్నాడు. ముత్తక్క ఆ ఊరి పెద్ద, శ్రావణికి అత్త.

"చూసిన్రా!" అంది ముత్తక్క కళ్ళు తుడుచుకుంటూ. "ఓట్లప్పుడు గూడ గింత ఉరుక్కుంట వచ్చినోడు లేడు!"

కారు వచ్చి గడ్డివాములో ముక్కు పెట్టి ఆగింది. ఊరంతా చూస్తుండగా నల్ల శాలువా ఒకటి జారింది, దానిలోంచి సరళ దిగింది. శ్రీధర్ ఆమెను చూశాడు. తనను ఇంత దూరం తరిమింది ఈ పొట్టి నర్సమ్మా! మగాడు, పైగా గవర్నమెంటు మగాడు, భయపడ్డానని ఒప్పుకుంటాడా?

"ఏంది సారు, గట్ల ఉరికిండ్రు?" అని అడిగింది ముత్తక్క.

"తనిఖీ," అన్నాడు రొప్పుతూ. "పరుగెత్తి చూస్తేనే గుంతలు తెలుస్తాయి."

"తెలిసినయా?"

"దారి బానే ఉంది. ఆగకుండా వచ్చాను కదా. వెనక బండీ వచ్చింది. కొత్త రోడ్డు అక్కర్లేదు."

శ్రావణి కడుపు మీద చెయ్యి వేసుకుని గుడిసె గుమ్మంలోనే కూలబడింది. సరళ వెళ్ళి పక్కన కూర్చుని, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. అందరికన్నా ముందు ముత్తక్కే తేరుకుంది.

"సరే సారు. మంచి దారే అంటివి. ఎట్ల వచ్చినవో గట్లనే పో. తోడు రాం."

శ్రీధర్ దారి వంక చూశాడు. మంచు ఇంకా విడలేదు. అప్పుడు గడ్డివాములోంచి హారన్ ఏడ్చింది. ఒకసారి ఏడ్చి ఆగి, మళ్ళీ ఏడ్చింది. కారులో ఎవరూ లేరు. సరళ చేతులు శ్రావణి చేతుల్లో ఉన్నాయి. ఇంజను ఎప్పుడో ఆగిపోయింది. సరళకు భర్త చేసిన వైరింగు తెలుసు, తడిస్తే హారన్ దానంతటదే మోగుతుంది; అయినా ఆమె కూడా ఒకసారి కారు వైపు తిరిగి చూసింది.

"ఎవరది?" అన్నాడు శ్రీధర్ గొంతు తగ్గించి.

"ఎవ్వరు లేరు సార్. మనిషిని ఎక్కించుకోకుంట పోదట, పిలుస్తున్నది," అంది సరళ.

శ్రీధర్ పెన్ను తీశాడు. ముత్తక్క చీర కొంగు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో "రోడ్డు కావాలి" అని రాశాడు.

నెల తిరక్కుండా మొరం పడింది. మంజూరు కాగితంలో కారణం అన్న చోట శ్రావణి లేదు, మంచం మీద పోయిన మనిషీ లేదు. "అడవి జంతువుల బెడద" అని ఉంది.