గోడ మీద సముద్రం

"ఇవాళ ఎవరితోనూ మాటలు పెట్టుకోకండి. పటం పూర్తి చేసి, చేతులు కడుక్కుని వచ్చేయండి," అంది భార్య, క్యారేజీ అందిస్తూ. డ్రాయింగ్ మాస్టారు బుద్ధిగా తలూపారు. బడి వరండా గోడ మీద ఆయన వేస్తున్న ప్రపంచ పటంలో ఇక మిగిలింది ఒకే ఒక్క సరిహద్దు గీత. అది పూర్తయితే సాయంత్రం ఉద్యోగం ఖాయం చేస్తానని ప్రిన్సిపాల్ మాటిచ్చారు. చిక్కల్లా, ఆ గీతకి అటూ ఇటూ ఉన్న దేశాలు కొన్ని నెలలుగా యుద్ధం చేసుకుంటున్నాయి.

ఎక్కడో జరుగుతున్న ఆ యుద్ధం స్టాఫ్‌రూమునూ వదల్లేదు. సోషల్ టీచరు గోధుమరంగు దేశం పక్షం. లెక్కల మాస్టారు ఊదారంగు దేశం పక్షం. ఒకరున్న గదిలో ఇంకొకరు అడుగు పెట్టరు.

గీత గీసి కుంచె దించారో లేదో సోషల్ టీచరు ప్రత్యక్షమయ్యారు. "సరిహద్దులోని ఆ లోయ ఊదా వాళ్లకి ఎలా రాసిచ్చేశారండీ? మీరూ ఆ లెక్కలాయన మనిషేనా?"

"నేనెవరి మనిషినీ కాదండీ," అంటూ మాస్టారు గీతను కాస్త జరిపారు.

ఆవిడ అటు వెళ్లగానే లెక్కలాయన ఇటు వచ్చారు. "ఏం గురువుగారూ, పొద్దున ఆ లోయ మాదే కదా. ఇంతలో ఎవరు ఆక్రమించారు?"

"మీదా? మీ ఇల్లు వెనక వీధిలోనే కదండీ."

"మాట వరసకన్నాను లెండి. ముందు గీత జరపండి."

జరిపారు. మళ్లీ ఆవిడొచ్చారు, మళ్లీ జరిపారు. మధ్యాహ్నానికి రంగు మీద రంగు పడి అక్కడ గోడ బొప్పి కట్టింది. పోనీ అని మధ్యలో ఎవరిదీ కాని తెల్లపట్టీ వదిలితే, మా నేల కోసేశారని ఇద్దరూ విడివిడిగా వచ్చి దులిపేశారు. మాస్టారికి ఇక దారి తోచలేదు. నీలం రంగు డబ్బా తెచ్చి, ఎవరికీ అన్యాయం జరగకుండా, ఆ రెండు దేశాలనూ మొత్తం సముద్రం చేసేశారు.

ఆఖరి గంట కొట్టగానే ఇద్దరూ చెరో వైపు నుంచీ వచ్చారు.

"మా దేశమేదండీ?" అన్నారు సోషల్ టీచరు.

"మునిగిందండీ."

"మరి వాళ్లది?"

"అదీనూ."

ఇద్దరూ చాలా కాలానికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "చూశారా మేడమ్, ఈయన నిర్వాకం?" "చూస్తున్నానండీ. పదండి, ప్రిన్సిపాల్ గారి దగ్గరే తేల్చుకుందాం."

ఇంట్లో ఏం చెప్పుకోవాలో తెలియక, మాస్టారు వాళ్ల వెనకే కాళ్లీడ్చుకుంటూ వెళ్లారు.

"కోట్లమందినండీ..." అన్నారు సోషల్ టీచరు.

"...ఒక్క కుంచెతో ముంచేశారు," పూర్తి చేశారు లెక్కలాయన.

ప్రిన్సిపాల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "ఆగండాగండి. మీరిద్దరూ కలిసొచ్చారా?"

"ఏం చేస్తామండీ, ఈయనే ఈ గతి తెచ్చిపెట్టారు."

"ఇన్ని నెలలు నేను గడ్డం పట్టుకుని బతిమాలినా కాని పనండీ ఇది. ఈయన్ని వదులుకోవడమా? మాస్టారూ, మీ ఉద్యోగం ఖాయం. ఇంటికెళ్లి నిశ్చింతగా పడుకోండి."

మర్నాడు పొద్దున్నే, ఆ సముద్రానికి ఏ దేశం పేరు పెట్టాలన్న విషయమై స్టాఫ్‌రూము మళ్లీ రెండుగా చీలింది.