మూడో కార్డు

ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు తల్లి మూడు కార్డుల మీద ఉన్న మరకలను తడి చేతిరుమాలుతో తుడిచేసింది. అవి మరకలు కావు, నంబర్లు. ఆ సంగతి ఆమెకు తొమ్మిదిన్నర దాకా తెలియలేదు.

తల్లి ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైంది. ఎడమ కంట్లో శుక్లం. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు ఆపరేషన్. కూతురు క్రీడా శిక్షణ కేంద్రంలో సైకాలజిస్టు. చేరి మూడు నెలలైంది. ఆమెకిచ్చినది అంతకుముందు బంతుల గది. ఇప్పటికీ ఒక మూల వల సంచిలో నలభై బంతులు వేలాడుతున్నాయి. ఆ రోజు జట్టు ఎంపిక పోటీలు. ఆమె దగ్గరికి వచ్చే ముగ్గురు ఆటగాళ్లలో ఇద్దరైనా జట్టులోకి రాకపోతే గది మళ్లీ బంతులకే ఇచ్చేస్తామని మేనేజరు ముందే చెప్పాడు. అంటే ఉద్యోగం పోయినట్టే.

పొద్దున ఇంట్లో అనుకున్నది ఇది. తల్లి కూడా కేంద్రానికి వస్తుంది. ముగ్గురికీ కార్డులు ఇచ్చేస్తారు. పోటీలు అవగానే పన్నెండున్నరకు ఇద్దరూ ఆసుపత్రికి బయలుదేరతారు. కార్డు అంటే అరచేతంత అట్ట, దాని మీద ప్లాస్టిక్ తొడుగు. పోటీకి ముందు చదువుకోవాల్సిన మాటలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఎవరి భయం ఏమిటో పక్కవాడికి తెలియకూడదు కాబట్టి పేరు రాయరు. మూలన మార్కరుతో నంబరు వేస్తారు, అంతే.

ఎనిమిదింటికి మేనేజరు మీటింగుకు రమ్మన్నాడు.

"అమ్మా, ముగ్గురొస్తారు. ఒకటో నంబరు బరువులెత్తే బండకి. రెండు పిస్తోలు కాల్చే గువ్వకి. మూడు ఈత కొట్టే చేపకి. గుర్తుంటుందా?"

"అరవై మందిలో ఎవరెక్కడ దిగాలో గుర్తుపెట్టుకున్నదాన్ని. ముగ్గురో లెక్కా? పో."

"ఆపరేషనంటే కంగారుగా ఏమన్నా ఉందా?"

"నాకెందుకే కంగారు? కోసేది వాళ్లు."

కూతురు వెళ్లింది. తల్లి మరకలు తుడిచింది. తర్వాత నంబర్ల కోసం వెతికింది. కనపడలేదు. తప్పు కంటిదనుకుంది. ఆ మాట ఎవరితోనూ అనడం ఇష్టం లేక కార్డులు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కుడి కంటితో చదివింది.

ఒక దాని మీద "రొమ్ము చరుచుకో. గట్టిగా అరువు. ఈ చోటు నీది" అని ఉంది. ఇంకో దాని మీద "ఊపిరి మెల్లగా వదులు. భుజాలు దించు. చుట్టూ ఎవరూ లేరు" అని ఉంది. మూడో దాన్ని ఆమె రెండుసార్లు చదివింది.

ముందుగా బండ వచ్చాడు. నూట పది కిలోల మనిషి. తలుపులోంచి పక్కకు తిరిగి లోపలికొచ్చాడు. చాచిన చెయ్యి వణుకుతోంది.

"ఏమన్నా తిన్నావా నాన్నా?"

"లోపలికి పోవట్లేదండీ."

తల్లి ఊపిరి కార్డు ఇచ్చింది.

గువ్వ వస్తూ కుర్చీకి తగిలింది. కుర్చీకి సారీ చెప్పింది. తర్వాత ఏదో అంది.

"ఏమన్నావమ్మా?"

"ఏం లేదండీ."

"ఏదో అన్నావుగా."

"కార్డండీ."

తల్లి అరిచే కార్డు ఇచ్చింది. చేప ఈల వేస్తూ వచ్చాడు. రెండు నిమిషాలుండి, ఈల వేస్తూ వెళ్లాడు.

తొమ్మిదీ అయిదుకు షూటింగ్ హాల్లో అందరూ గురి పెట్టారు. గువ్వ పిస్తోలు బల్ల మీద పెట్టి, రొమ్ము చరుచుకుని, అరిచింది. పక్కనున్న ఆవిడ గుండు లక్ష్యానికి తగలకుండా గోడ గడియారానికి తగిలింది.

"ఇది షూటింగ్ హాలమ్మా, సంత కాదు!" అన్నాడు జడ్జి.

"సారీ అండీ. కార్డులో ఇలాగే రాసుంది. బయటికెళ్లి అరుచుకు రావచ్చా అండీ?"

జడ్జి నియమాల పుస్తకం తిరగేశాడు. వద్దని ఎక్కడా లేదు. అప్పటి నుంచి గువ్వ ప్రతి విడతకూ ముందు వరండాలోకి వెళ్లి, అరిచి, తలుపు మెల్లగా వేసుకుని లోపలికి వచ్చింది.

వరండాకు అవతలి వైపు బరువుల హాలు. పేరు పిలిచాక ఒక్క నిమిషంలో బరువెత్తడం మొదలుపెట్టాలి. బండ వేదిక ఎక్కి, భుజాలు దించి, కళ్లు మూసుకున్నాడు.

"ఎత్తరా! టైమైపోతోంది!" అని కోచ్ అరిచాడు.

చుట్టూ ఎవరూ లేరని కార్డులో ఉంది. బండ దాన్నే నమ్మాడు. గంట మోగింది. మూడు అవకాశాల్లో ఒకటి పోయింది.

"ఏమైందిరా నీకు?"

"హాయిగా ఉంది సార్."

ఏడేళ్లలో కోచ్ ఆ మాట వాడి నోట వినలేదు. డాక్టరుకు కబురు పెట్టాడు.

డాక్టరూ స్ట్రెచర్ పట్టుకున్న ఇద్దరూ వరండాలో పరుగెత్తుకొచ్చారు. అక్కడ గువ్వ రొమ్ము చరుచుకుంటూ అరుస్తోంది. వాళ్లు ఇంక ముందుకు వెళ్లలేదు.

"నొప్పి ఎప్పటి నుంచి?"

"నొప్పి కాదండీ. ప్రాక్టీసండీ."

"మొదట్లో అందరూ అలాగే అంటారు. పడుకో."

"పడుకోనండీ."

"పడుకోమన్నానా!"

"పడుకోను!" అంది గువ్వ. వరండా అంతా వినపడింది. డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. గువ్వ సారీ చెప్పకుండా లోపలికి వెళ్లింది.

కబురు మీటింగుకు చేరింది. "సార్, మేడమ్ గారి మనుషుల్లో ఒకడు నిలబడి నిద్రపోతున్నాడు. ఒకమ్మాయి డాక్టరు మీద విరుచుకుపడింది" అన్నాడు గుమాస్తా.

"మూడోవాడు?"

"కొలనులో ఉన్నాడు సార్. ఇప్పటివరకైతే తేలుతున్నాడు."

కూతురు లేచి తన గదికి పరుగెత్తింది.

"అమ్మా! ఎవరికి ఏ కార్డిచ్చావ్?"

"ఎవరికి కావాల్సింది వాళ్లకిచ్చాను."

"నంబర్లు చూడలేదా?"

"నంబర్లెక్కడున్నాయే? మూలన మరకలుంటే తుడిచాను."

కూతురు కుర్చీలో కూలబడింది. "బరువెత్తేవాడు రెచ్చిపోవాలమ్మా. గురి చూసేది నిమ్మళంగా ఉండాలి. పుస్తకాల్లో అలాగే ఉంది."

"పుస్తకం వాళ్ల మొహాలు చూసిందా? ఆ బండ చేతులు టిక్కెట్టు కొననివాడి చేతుల్లా ఆడుతున్నాయి. వాణ్ని ఇంకా ఎగదోస్తావా? ఆ పిల్ల కుర్చీ తగిలితే కుర్చీకి సారీ చెప్పిందే. దాన్ని ఇంకా అణిగి ఉండమంటావా?"

కూతురి దగ్గర ఆ ముగ్గురి గురించి రాసుకున్న నోటుపుస్తకం ఉంది. తొంభై రెండు పేజీలు నిండాయి. అందులో కుర్చీ సంగతి లేదు.

కార్డులు మార్చడానికి వెళ్తే, పోటీ నడుస్తుండగా ఆటగాళ్లతో మాట్లాడకూడదని రెండు చోట్లా ఆపేశారు. ఆమె వరండాలోనే నిలబడింది. గువ్వ మూడుసార్లు వచ్చి అరిచి వెళ్లింది.

పదకొండూ నలభైకి ఫలితాలు బోర్డు మీద పెట్టారు. ప్రతి ఆటలోనూ ముగ్గురికి జట్టులో చోటు. గువ్వ రెండో స్థానం. బండ చివరి అవకాశంలో తన పాత రికార్డు కంటే నాలుగు కిలోలు ఎక్కువెత్తి మూడో స్థానంలో నిలిచాడు. చేప మొదటివాడు. మేనేజరు గదిలోకి వచ్చి వల సంచి వైపు చూశాడు.

"వీటికి వేరే చోటు చూస్తాంలెండి" అన్నాడు.

తల్లి చేతిసంచి సర్దుకుంటుంటే చేప తల తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. కూతురు వాణ్ని బయటికి పిలిచింది.

"నీ కార్డేదిరా?"

"ఆంటీ దగ్గరుంది మేడమ్. ఇస్తున్నట్టు చాపారు గానీ, నేను పట్టుకుంటే వదల్లేదు. నాకు కంఠతా వచ్చు ఆంటీ, మీరే ఉంచుకోండి అని వచ్చేశాను."

"మొత్తం వచ్చా?"

"మొదటి లైనొచ్చు మేడమ్."

ఒంటిగంటా నలభైకి ఆసుపత్రిలో తల్లి కంట్లో చుక్కలు వేసి, కళ్లజోడు తీసేసి, మంచం మీద పడుకోబెట్టారు. ఆమె దిండు కింద తడిమి కార్డు తీసింది.

"అక్షరాలు ఆనడం లేదు. చదివి పెట్టు."

కూతురు చదివింది. "భయం వేయడం తప్పు కాదు. మొదటి మూడు శ్వాసలే చూసుకో. మిగతాది దానంతటదే..."

"అంత పరుగెందుకే? నిన్నెవరూ మధ్యలో దింపెయ్యరు. మెల్లగా చదువు."

కూతురు మళ్లీ చదివింది. తల్లి కళ్లు మూసుకుని మూడు శ్వాసలు తీసుకుంది. నర్సు వచ్చి తల్లి వేలికి నాడి చూసే క్లిప్పు పెట్టి, అంకె రాసుకుంది. కూతురి మొహం చూసి, క్లిప్పు తీసి ఆమె వేలికీ పెట్టింది.

తల్లిది డెబ్భై రెండు. కూతురిది నూట పద్దెనిమిది.